మండలంలో వడగాడ్పుల ప్రణాళిక: కూలి తగ్గకుండా పని వేళలు మార్చడం నుంచి మరణాల లెక్క దాకా

2015 వేసవిలో వడగాడ్పులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారని అధికారిక లెక్క. వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. ఎక్కువమంది ముసలివాళ్లు, ఎండలో రెక్కలాడితే తప్ప పూట గడవని కూలీలు. ఆ మరుసటి ఏడాదే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. రాష్ట్రాలు ప్రణాళికలు రాసుకున్నాయి, జిల్లాలకు పంపాయి. మండలానికి చేరేసరికి ఆ ప్రణాళిక ఒక చలివేంద్రం, ఒక ఫ్లెక్సీ, పీహెచ్‌సీలో ఒక పెట్టె ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల దగ్గర ఆగిపోతోంది.

"మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటికి రావద్దు" అని ఫ్లెక్సీ కట్టడం తేలిక. ఆ మూడు గంటల కూలి ఎవరిస్తారో అందులో ఉండదు. వేసవి ప్రణాళికలో అసలు పని అదే: కూలి తగ్గకుండా పని వేళ మార్చడం. మిగతావన్నీ దాని తర్వాతే. ఇది ఆరోగ్య శాఖ ఒక్కదాని పనీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో వేసిన అంచనా ప్రకారం, 2030 నాటికి భారతదేశం ఎండ వేడి వల్ల మొత్తం పని గంటల్లో 5.8 శాతం పోగొట్టుకుంటుంది. అది 3.4 కోట్ల పూర్తికాల ఉద్యోగాలతో సమానం. మార్కెట్ యార్డు, ఇటుక బట్టీ, గ్రానైట్ క్వారీ, మట్టి పని మీద బతికే జిల్లాకు ఈ నష్టం నేరుగా జేబుకే తగులుతుంది.

కింద చెప్పేవి తహసీల్దార్, ఎంపీడీవో, పీహెచ్‌సీ వైద్యాధికారి, మున్సిపల్ కమిషనర్, సర్పంచ్ కలిసి చేయగలిగినవి. జనవరిలో మొదలుపెట్టాలి. ఏప్రిల్‌లో మొదలుపెడితే కాగితాలు పూర్తయ్యేలోపు రోహిణి కార్తె వచ్చేస్తుంది.

ఏ రోజు హెచ్చరిక ఇవ్వాలి

వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు. తేడా 6.4 డిగ్రీలు దాటితే తీవ్ర వడగాడ్పు. మామూలుతో పని లేకుండా 45 డిగ్రీలు తాకితే వడగాడ్పు, 47 తాకితే తీవ్రం. కోస్తాలో 40కి బదులు 37 చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ మర్నాడు ఏ మండలాల్లో వడగాడ్పులు వీస్తాయో ముందురోజే పేర్లతో జాబితా ఇస్తుంది. తెలంగాణలో మండలాల్లో ఉన్న ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల రీడింగులు దొరుకుతాయి. ఈ సమాచారం సాయంత్రం ఎవరి ఫోనుకు రావాలో, వాళ్లు ఎవరికి చెప్పాలో పేర్లతో సహా ముందే రాసిపెట్టండి. హోదా ఒక్కటే రాస్తే, ఆ మనిషి సెలవులో ఉన్న రోజు ఎవరికీ కబురందదు.

గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చూడడం పెద్ద పొరపాటు. కోస్తాలో 38 డిగ్రీలు, రామగుండంలో 42 కంటే ఒంటికి ప్రమాదం కావచ్చు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, ఉక్కపోతలో అది ఆరదు. దీన్ని కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. రెండు మామూలు థర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని బల్బుకు పలుచని నూలు గుడ్డ చుట్టి, గుడ్డ కొస చిన్న నీళ్ల సీసాలో మునిగేలా పెట్టండి. రెండింటినీ నీడలో, గాలి ఆడే చోట, ఛాతీ ఎత్తున వేలాడదీయండి. అరగంట తర్వాత తడి బల్బు రీడింగును 0.7తో, పొడి బల్బు రీడింగును 0.3తో గుణించి కూడండి.

ఉదాహరణకు పొడి బల్బు 42, తడి బల్బు 25 ఉంటే 30.1 వస్తుంది. పొడి 38, తడి 29 ఉంటే 31.7. ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు తక్కువైనా భారం ఎక్కువైంది. ఎండలో నిలబడి పనిచేస్తే ఈ సంఖ్యకు మరో రెండు మూడు డిగ్రీలు కలుపుకోవాలి. గుడ్డ మాసినా, సీసాలో నీళ్లు అయిపోయినా తడి బల్బు రీడింగు తప్పుగా వస్తుంది. గుడ్డను వారానికోసారి మార్చండి.

ఈ సంఖ్యను పని వేళతో ముడిపెట్టడానికి పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు చాలాకాలంగా వాడుతున్న కొలతలున్నాయి. తవ్వకం, బస్తాల మోత లాంటి బరువు పనికి, ఎండకు అలవాటు పడిన మనిషికి 25 దాకా ఆగకుండా చేయవచ్చు. 28కి వస్తే గంటలో అరగంట పని, అరగంట నీడ. 30కి వస్తే పావుగంట పని, ముప్పావుగంట నీడ. అది దాటితే బరువు పని ఆపేయాలి. ఖతర్ 2021లో తెచ్చిన నిబంధన ప్రకారం ఇదే సూచిక 32.1 దాటితే ఏ వేళలోనైనా బయటి పని నిలిపేయాలి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట ఎండలో పని నిషేధం. గల్ఫ్‌కు వెళ్లిన మన కూలీలకు అక్కడ దొరికే ఈ రక్షణ, సొంత ఊళ్లో పని చేసేవాళ్లకు లేకపోవడం న్యాయం కాదు.

పని వేళలు మార్చడం

ఒంటిపూట బడులు నడపడం మన ప్రభుత్వాలకు అలవాటే. గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇస్తూనే ఉన్నారు. అంటే వేళలు మార్చడం అసాధ్యం కాదు. ముందే చెప్పి, అందరికీ ఒకేలా వర్తింపజేస్తే జరుగుతుంది.

ఉపాధి పనులకు ఉదయం 5:30 నుంచి 10:30 సరైన వేళ. ఇక్కడ చిక్కు కొలతలో ఉంది. కూలి గంటలను బట్టి కాదు, తవ్విన మట్టి కొలతను బట్టి వస్తుంది. వేళ కుదించి కొలత కుదించకపోతే కూలీలు పూర్తి డబ్బుల కోసం మధ్యాహ్నం దాకా ఉంటారు, ఎవరు వద్దన్నా ఆగరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో వేసవి భత్యం పేరిట నెలను బట్టి 20 నుంచి 30 శాతం సడలింపు ఇచ్చింది ఇందుకే. 30 శాతం సడలింపు అంటే 100 బుట్టల మట్టికి వచ్చే కూలి 70 బుట్టలకే రావాలి. మీ మండలంలో ఈ సడలింపు కొలతల పుస్తకంలో నిజంగా పడుతోందో లేదో మార్చి మొదటి వారంలోనే సాంకేతిక సహాయకుడితో కూర్చుని చూడండి. యాప్‌లో ఎక్కించే రెండో హాజరు ఫోటో కోసం జనం 10:30 తర్వాత కూడా ఎండలో కాచుకుని కూర్చోవాల్సి వస్తుంటే, ఆ ఫోటో వేళను పని ముగిసే సమయానికి సర్దాలి. సర్దలేకపోతే ఆ వేచి ఉండే చోట నీడ తప్పనిసరి.

తెల్లవారుజామున పని పెట్టినా ఆడవాళ్లు ఎందుకు రావడం లేదని అడిగే అధికారులు ముందు కుళాయి వేళ చూడాలి. ఆరింటికి నీళ్లొస్తే, పట్టుకునే ఆడమనిషి 5:30కి పనికి ఎలా వస్తుంది? వేసవి మూడు నెలలు నీళ్లు సాయంత్రం వదలండి. లేదా నాలుగున్నరకే వదలండి. అంగన్‌వాడీ తెరిచే వేళ కూడా ముందుకు జరగాలి, లేకపోతే చంటిపిల్లలు తల్లుల వెంట పని దగ్గరికి వస్తారు. ఈ రెండూ సరిచేయకుండా ఇచ్చిన వేళల ఉత్తర్వు పనిచేయదు.

మార్కెట్ యార్డుల్లో హమాలీల పని వేలం వేళను బట్టి నడుస్తుంది. వేలం 7 గంటలకు జరిపి, లారీల్లో ఎత్తడం సాయంత్రం 5 తర్వాతకు మార్చాలంటే తూకం గుమస్తా, గేటు సిబ్బంది, లారీ యజమానులు ముగ్గురూ ఒప్పుకోవాలి. ఫిబ్రవరిలో మార్కెట్ కమిటీ సమావేశంలోనే ఆ ఒప్పందం రాసుకోండి. రాత్రి పని పెంచితే దీపాలు, ఆడవాళ్లు ఇంటికి చేరే రవాణా కూడా కమిటీ చూడాలి.

ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాలది వేరే కష్టం. బట్టీ దగ్గరే రేకుల గుడిసెల్లో ఉంటారు. ముందే తీసుకున్న అడ్వాన్సు తీరాలని పగలూ రాత్రీ చేస్తారు. వీళ్లు ఏ గ్రామ జాబితాలోనూ ఉండరు. బట్టీల జాబితాను కార్మిక శాఖ నుంచి తెప్పించుకుని, ఏఎన్‌ఎం పర్యటనల పట్టికలో చేర్చండి. హెచ్చరిక ఒడియాలో కూడా చెప్పించండి.

ఎండకు కొత్త మనిషిని మొదటి రోజే పూర్తి పనిలో దింపకూడదు. మొదటి రోజు పనిలో ఐదో వంతు, ఆపైన రోజుకు మరో ఐదో వంతు పెంచుతూ ఐదో రోజుకు పూర్తి పనికి తేవాలి. జబ్బుచేసి వారం పదిరోజులు మానేసి తిరిగొచ్చిన వాళ్లకూ మెల్లమెల్లగానే పని పెంచాలి. ఎండలో బరువు పనికి కుప్పకూలేవాళ్లలో చాలామంది పనిలో చేరిన మొదటి రోజుల్లోనే పడిపోతారు.

నీళ్లు, మరుగు

ఎండలో శ్రమించే మనిషికి ప్రతి 15 నుంచి 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు నీళ్లు కావాలి. గంటకు లీటరున్నర దాటితే ఒంట్లో ఉప్పు పలుచబడి అదీ ప్రమాదమే. 100 మంది ఐదు గంటలు చేస్తే 375 నుంచి 500 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 19 నుంచి 25. చాలాచోట్ల నాలుగైదు క్యాన్లు పెట్టి నీళ్లు ఏర్పాటు చేశామని రాస్తున్నారు.

చలివేంద్రం కుండలో నీళ్లు రోజూ మార్చాలి. చెయ్యి ముంచే వీల్లేకుండా కుళాయి ఉన్న కుండ పెట్టాలి. క్లోరిన్ పరీక్ష కిట్‌తో చూస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండా క్లోరిన్ మిగిలి ఉండాలి. లేకపోతే వడదెబ్బ తప్పించబోయి విరేచనాలు తెచ్చినట్టవుతుంది. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టును సరిగ్గా ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో మొత్తం వేస్తే ఉప్పు మోతాదు మించుతుంది. ప్యాకెట్లు లేని రోజు లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ తలగొట్టి కొలిచినవి.

నీళ్లు పెట్టినా ఆడవాళ్లు తాగకపోవడానికి ఒకే కారణం: మరుగుకు చోటు లేదు. పొద్దున్నుంచీ గొంతు తడుపుకోకుండా ఉంటారు. దీనితో మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వస్తాయి, కిడ్నీలపై భారం పడుతుంది. పని స్థలంలో నాలుగు కర్రలు, తడికె, ఒక బకెట్టు నీళ్లతో మరుగు కట్టించండి. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్ బిళ్లలు వేసుకుని పనిలోకి వెళ్లే అలవాటు మీద ఆశాలతో గట్టిగా చెప్పించండి. నీళ్లు తక్కువైన ఒంట్లో ఆ బిళ్లలు కిడ్నీని దెబ్బతీస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. పరిశోధకులు పరిశీలిస్తున్న అనుమానాల్లో ఎండలో శ్రమ, ఒంట్లో నీరు తగ్గడం కూడా ఉన్నాయి.

పైకప్పులు

రాత్రి ఒళ్లు చల్లబడకపోతే మర్నాడు పనిచేసే శక్తి ఉండదు. వరుసగా రెండు మూడు వేడి రాత్రులు ముసలివాళ్ల ప్రాణానికి ముప్పు. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో తెచ్చిన చల్లని పైకప్పుల విధానం ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును లక్ష్యంగా పెట్టుకుంది, అందులో 200 హైదరాబాద్‌లో. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేసింది. ఇళ్ల విషయానికొస్తే 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టినవాటికే తప్పనిసరి. రేకుల ఇంట్లో ఉండే మనిషి ఆ గీత కిందే మిగిలిపోయాడు. కాబట్టి ఈ పని స్థానిక సంస్థ తనంతట తాను తీసుకోవాలి.

విధానం వచ్చినప్పుడు చెప్పిన ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు. 400 చదరపు అడుగుల ఇంటికి 37 చదరపు మీటర్లు, 11 వేల రూపాయలు అవుతుంది. పంచాయతీ నిధులతో అన్ని ఇళ్లకూ వేయలేరు. ముందు పీహెచ్‌సీ వార్డు, అంగన్‌వాడీ, తర్వాత ఒంటరి ముసలివాళ్లున్న రేకుల ఇళ్లు. మిగతావాటికి సున్నం చాలు, ధర చాలా తక్కువ. సున్నం వానకు కొట్టుకుపోతుంది, ప్రతి మార్చిలో మళ్లీ రెండు పూతలు వేయాలి. పెయింటు కొంటే డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ సంఖ్య (పూత ఎండను ఎంత తిప్పికొడుతుందో చెప్పే కొలత) 78కి తగ్గకుండా చూసుకోండి.

పూత ఊడిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ దుమ్మే. ముందు రోజు కడిగి, పగుళ్లు పూడ్చి, పూర్తిగా ఆరాకే వేయాలి. సిమెంటు రేకులను పొడిగా గీకకండి. వాటిలో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి, మెత్తని బ్రష్షుతో తుడవండి. ఆ రేకు మనిషి బరువు ఆపదు. దూలాల మీద పలక పరిచి దాని మీదే నడవాలి. ఏడాది గడిచేసరికి దుమ్ము పట్టి చల్లదనం తగ్గుతుంది, మళ్లీ ఒకసారి కడగాలి.

పీహెచ్‌సీలో

తల తిరగడం, కండరాలు పట్టేయడం, వాంతి వరకు ఉంటే నీడ, ఓఆర్‌ఎస్, విశ్రాంతి చాలు. ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్ దాటి, మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పనిలో పడిపోయిన వాళ్లకు చెమట పట్టి ఉండగానే వడదెబ్బ తగలవచ్చు. చంకలో పెట్టిన థర్మామీటర్ అసలు వేడిని తక్కువ చూపిస్తుంది, మలద్వారంలో కొలవాలి.

108కి ఫోన్ చేయండి, కానీ అది వచ్చేదాకా ఊరికే ఉండకండి. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. మొదటి అరగంటలో వేడిని 39కి దించగలిగితే ప్రాణం నిలిచే అవకాశం బాగా పెరుగుతుంది. టార్పాలిన్ మీద పడుకోబెట్టి, నలుగురు అంచులు పైకెత్తి పట్టుకుని, మంచు నీళ్లు పోసి ఊపుతూ ఉండాలి. తల నీళ్లలో మునగకూడదు. మంచు లేకపోతే ఒళ్లంతా తడిపి, తడి దుప్పటి కప్పి, ఫ్యాన్ కింద పెట్టండి. దుప్పటి వేడెక్కగానే మళ్లీ తడపండి. 39కి రాగానే ఆపండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు, లివర్‌కు హాని చేయవచ్చు.

మంచు ఎక్కడిది? కోస్తాలో చేపల ఐసు ఫ్యాక్టరీలున్నాయి, మిగతాచోట్ల పట్టణంలో చెరకురసం బళ్లకు ఐసు వేసేవాళ్లున్నారు. మార్చిలోనే దిమ్మకు రేటు మాట్లాడి, రాత్రి తలుపు తట్టినా ఇచ్చేలా రాసుకోండి. పీహెచ్‌సీ ఫీడరుకు మధ్యాహ్నం కరెంటు కోత లేకుండా విద్యుత్ ఏఈ దగ్గర హామీ తీసుకోండి. గది వేడి 40 దాటితే ఫ్యాన్ ఒక్కటే చల్లబరచలేదు, వేడి గాలినే ఒంటి మీదికి తోస్తుంది. ఒళ్లు తడపక తప్పదు.

ఆశా దగ్గర ఉండాల్సింది ఒక జాబితా: ఒంటరిగా ఉండే 65 దాటినవాళ్లు, మంచానపడ్డవాళ్లు, గుండె, కిడ్నీ రోగులు, నీరు తగ్గే మాత్రలు వాడేవాళ్లు, మానసిక వ్యాధికి మందులు వాడేవాళ్లు, గర్భిణులు. బీపీ, షుగర్ మందులిచ్చే రిజిస్టర్‌లోనే వీళ్లలో చాలామంది దొరుకుతారు. హెచ్చరిక వచ్చిన రోజు మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తట్టాలి. ఒక్కో ఆశాకు 25 ఇళ్లు మించితే ఇది జరగదు. మించినచోట స్వయం సహాయక సంఘాల సభ్యులకు పంచండి.

పరిహారం, మరణాల లెక్క

2025 నాటికి వడగాడ్పు కేంద్రం ప్రకటించిన జాతీయ విపత్తుల జాబితాలో లేదు. రాష్ట్రాలు తమ విపత్తు సహాయ నిధిలో 10 శాతం దాకా రాష్ట్రం గుర్తించిన విపత్తులకు వాడుకోవచ్చు. ఆ దారిలోనే తెలంగాణ 2025లో వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మరణానికి పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. అది అందాలంటే మరణం వడదెబ్బ వల్లేనని మండల స్థాయిలో రెవెన్యూ, పోలీసు, వైద్య అధికారులు నిర్ధారించాలి. శవపరీక్ష లేకుండా దహనం జరిగిపోతే ఆధారం మిగలదు, పేద కుటుంబం నష్టపోతుంది. అంత్యక్రియలకు ముందే తహసీల్దార్‌కు కబురు పెట్టాలని ప్రతి పంచాయతీ కార్యదర్శికీ, ప్రతి వార్డు సభ్యుడికీ తెలిసి ఉండాలి.

పరిహారం భారమవుతుందని మరణాలను గుండెపోటు కింద రాసే ధోరణి ఉన్నచోట ప్రణాళిక ఎప్పటికీ మెరుగుపడదు. దానికి విరుగుడు, కారణం చూడకుండా మొత్తం మరణాలు లెక్కపెట్టడం. అహ్మదాబాద్‌లో 2010 మేలో వడదెబ్బ పేరుతో నమోదైనవి కొద్దిగానే ఉన్నా, మామూలు మే నెలలతో పోల్చినప్పుడు 1,344 మరణాలు ఎక్కువని తేలింది. 2013లో ఆ నగరం తెచ్చిన ప్రణాళికకు ఆ లెక్కే పునాది. ప్రణాళిక వచ్చాక ఏటా సగటున 1,190 మరణాలు తప్పాయని తర్వాతి అధ్యయనం అంచనా వేసింది.

ఇదే లెక్క మీ మున్సిపాలిటీలోనూ చేయవచ్చు. జనన మరణ రిజిస్టర్ నుంచి ఏప్రిల్ 1 నుంచి జూన్ 15 దాకా ప్రతి రోజూ ఎంతమంది చనిపోయారో తీయండి. నమోదైన తేదీ కాదు, చనిపోయిన తేదీ. నమోదుకు 21 రోజుల గడువు ఉంది కాబట్టి జూలై రెండో వారం కంటే ముందు లెక్క పూర్తి కాదు. గత ఐదేళ్లలో అవే తేదీల సగటు తీయండి. 2020, 2021 వదిలేయండి, కరోనా వల్ల ఆ అంకెలు మామూలుగా ఉండవు. హెచ్చరిక ఉన్న రోజులతో పాటు ఆ తర్వాతి మూడు రోజులూ కలిపి, సగటు కంటే ఎంత ఎక్కువో చూడండి. ఒక్క పంచాయతీ అంకెలు చిన్నవి కాబట్టి ఏమీ తేలదు. నాలుగైదు మండలాలు లేదా డివిజన్ మొత్తం కలిపి చూడండి. తేడా ఏ వార్డుల్లో, ఏ వయసులో, ఆడవాళ్లలోనా మగవాళ్లలోనా, ఇంట్లోనా బయటా అన్నది విడదీసి రాయండి. ఇంట్లో చనిపోయిన ముసలివాళ్లు ఎక్కువుంటే వచ్చే ఏడాది డబ్బు పైకప్పులకు, ఆశాల జాబితాకు వెళ్లాలి. పనివయసు మగవాళ్లు ఎక్కువుంటే యార్డు, క్వారీ, బట్టీల వేళలు మళ్లీ తెరిచి చూడాలి. ఈ పట్టికను బడ్జెట్ ప్రతిపాదనలు వెళ్లేలోపు కలెక్టర్‌కు పంపండి, ఒక ప్రతి కార్యాలయ ఫైలులో ఉంచండి. అధికారులు బదిలీ అయినా కొత్తగా వచ్చినవాళ్లు జనవరిలో అక్కడి నుంచే పని అందుకోగలుగుతారు.